గాయాలను చదివిన వైద్యుడు – సర్ అలెగ్జాండర్ ఫ్లెమింగ్

ఈ ఆరోగ్య ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవిత విశేషాలు వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, పెన్సిలిన్ కనిపెట్టిన సర్ అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గురించి వ్రాస్తానని చెప్పాను. ఆ పేరు వినని వారు మనలో ఉండరు. గాజు పళ్ళెంలో బూజు పట్టడం, దాని చుట్టూ ఉన్న క్రిములు నశించడం, లోకానికి మందు దొరకడం – ఈ కథ మనమూ చదివాము, మన పిల్లలూ చదివారు.

ఆ పాఠంలో రాని సంగతి ఒకటుంది. ఫ్లెమింగ్ బూజును చూడడానికి పద్నాలుగేళ్ళ ముందే చీము పట్టిన గాయాల దగ్గర కూర్చున్నారు. మందు పోసినా గాయంలోని క్రిమి ఎందుకు చావదు, ఆస్పత్రికి వచ్చిన తరువాత గాయం ఎందుకు ఇంకా చెడుతుంది అన్నవి ఆయనను జీవితమంతా వెంటాడిన ప్రశ్నలు. చక్కెర వ్యాధి వలన కాలి పుండ్లు మానక బాధపడేవారు, ఆపరేషన్ కుట్ల దగ్గర చీము పట్టి నెలల తరబడి ఆస్పత్రి చుట్టూ తిరిగేవారు మన సభ్యులలో తక్కువేమీ కాదు. ఈ క్రిమి మందులకు లొంగడం లేదు అన్న మాట డాక్టర్ల నోట మనం తరచు వింటున్నాము. అందుచేత ఆయన జీవితాన్ని ఈ గాయాల వైపు నుండి చెప్పుకుందాము.

ఫ్లెమింగ్ 1881 ఆగస్టు 6వ తేదీన స్కాట్లండ్ దేశంలో, ఐర్‌షైర్ జిల్లాలోని డార్వెల్ అనే ఊరి దగ్గర లాక్‌ఫీల్డ్ అనే వ్యవసాయ క్షేత్రంలో జన్మించారు. తండ్రి హ్యూ ఫ్లెమింగ్ రైతు. తల్లి గ్రేస్ ఆయనకు రెండవ భార్య. అలెగ్జాండర్‌కు ఏడేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. కొండల మధ్య పల్లెబడి, గొర్రెల మంద, వాగులో చేపలు – ఇదీ బాల్యం. ఇలా పెరిగిన పిల్లవాడికి కళ్ళతో చూసి గమనించే అలవాటు పుస్తకాల కంటె ముందే వస్తుందని ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు అంటారు. పల్లెటూళ్ళ నుండి వచ్చిన మనవాళ్ళు చాలామంది ఈ మాట ఒప్పుకుంటారు.

పదమూడవ ఏట అన్నల దగ్గరకు లండన్ చేరారు. కొంత చదువు అయిన తరువాత ఒక ఓడల కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరారు. నాలుగేళ్ళ పాటు ఆ కుర్చీలో కూర్చుని సరుకుల లెక్కలు, ఉత్తరాల నకళ్ళు వ్రాసుకున్నారు. ఆ పని ఆయనకు ఏమాత్రం రుచించలేదు. 1901లో, ఒక పినతండ్రి మరణించగా, వారి ఆస్తిలో ఈయన వంతుకు 250 పౌన్లు వచ్చాయి. అప్పటికే డాక్టరుగా ఉన్న అన్న టామ్, ఆ డబ్బు వైద్యవిద్యకు ఖర్చు పెట్టమన్నారు. ఆ విధంగా గుమాస్తా వైద్య విద్యార్థి అయ్యారు.

లండన్‌లో డజను దాకా వైద్య కళాశాలలుండగా పాడింగ్టన్ ప్రాంతంలోని సెయింట్ మేరీస్ ఆస్పత్రినే ఎంచుకోవడానికి కారణం వింతగా ఉంటుంది. ఒకసారి ఆ కళాశాల జట్టుతో వాటర్ పోలో ఆడారు, అంతే. 1906లో పట్టా పుచ్చుకున్న తరువాత అక్కడే నిలిచిపోవడానికి కారణం అంతకంటె వింత. ఆస్పత్రి రైఫిల్ క్లబ్బుకు మంచి గురి ఉన్నవాడు కావలసి వచ్చి, జట్టులోని ఒక పెద్ద ఈయనకు ప్రయోగశాలలో ఉద్యోగం ఇప్పించారు. ఆ ప్రయోగశాలలోనే నలభై తొమ్మిదేళ్ళు పనిచేశారు. మన సర్వీసు రిజిస్టర్లలో కూడా ఇంత పొడవైన సర్వీసు కనబడదు.

ఆ ప్రయోగశాల అధిపతి సర్ ఆల్మ్‌రాత్ రైట్. టైఫాయిడ్‌కు టీకా తయారుచేసిన ప్రముఖుడు. 1898లో నియమించిన ప్లేగు కమిషన్ సభ్యుడిగా మన దేశానికి వచ్చి వెళ్ళినవారు. రోగాన్ని జయించేది బయటినుండి పోసే మందు కాదు, శరీరంలోని తెల్ల రక్తకణాలేనని రైట్ గట్టిగా నమ్మేవారు. ఆయన ఎంత మాటకారో ఫ్లెమింగ్ అంత మితభాషి. గురువుగారు అర్ధరాత్రి దాటేవరకు టీ తాగుతూ ఉపన్యసిస్తుంటే, శిష్యుడు ఒక మూల నిశ్శబ్దంగా పరీక్షలు చేసుకుంటూ ఉండేవారట.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఫ్రాన్సు సముద్రతీరంలోని బులోన్ పట్టణంలో ఒక జూదశాలను సైనిక ఆస్పత్రిగా మార్చారు. దాని పై అంతస్తులో రైట్, ఫ్లెమింగ్ తదితరులు ప్రయోగశాల పెట్టారు. ఆయన జీవితంలో మొదటి పెద్ద పని ఇక్కడే జరిగింది. నా మటుకు నాకు బూజు కథ కంటె ఇదే గొప్పదనిపిస్తుంది.

కందకాల నుండి తెచ్చిన సైనికుల గాయాలు మామూలు గాయాలు కావు. ఫిరంగి గుండు పెంకులు కండను చీల్చుకుంటూ లోపలికి పోయేవి. పోతూ పోతూ బురద పట్టిన చొక్కా ముక్కలను, లాగు ముక్కలను కూడా లోపలికి ఈడ్చుకుపోయేవి. ఆ యుద్ధం జరిగిన నేల ఎన్నో తరాలుగా పేడ ఎరువు వేసి దున్నిన సాగుభూమి. ఆ మట్టిలో ధనుర్వాతం పుట్టించే క్రిమి ఉంటుంది. గాలి తగలని లోతు గాయంలో కండను కుళ్ళబెట్టే గ్యాస్ గాంగ్రీన్ క్రిమి ఉంటుంది. ఫ్లెమింగ్ గాయాల్లోంచి తీసిన గుడ్డ ముక్కలను పరీక్షించి, ఈ క్రిములు సైనికుడి బట్టల మీదనుండే గాయంలోకి వస్తున్నాయని నిరూపించారు. గుండు దెబ్బకు చావని మనిషి వారం రోజులకు కుళ్ళు వలన చనిపోతున్నాడు.

అప్పటి శస్త్రవైద్యులు ఏం చేసేవారంటే, గాయం నిండా కార్బాలిక్ ఆమ్లం, అయొడిన్ వంటి క్రిమినాశక ద్రవాలు పోసి కట్టు కట్టేవారు. లిస్టర్ మహాశయుడు చూపిన పద్ధతి అది. దానిని కాదనడం గురుద్రోహంతో సమానం. కాని కట్టు విప్పేసరికి చీము మళ్ళీ సిద్ధంగా ఉండేది.

ఇది ఎందుకు జరుగుతోందో చూపడానికి ఫ్లెమింగ్ ఒక కృత్రిమ గాయం తయారుచేశారు. గాజు పనిలో ఆయనకు మంచి నేర్పు ఉండేది. ఒక పరీక్షనాళికను మంటలో వేడిచేసి, మెత్తబడిన చోటల్లా గాజును బయటికి లాగి, ముళ్ళపందికి ముళ్ళున్నట్లు సన్నని బోలు ముళ్ళు చేశారు. నిజమైన గాయంలో ఉండే సందులు, గొందులు ఇవేనన్నమాట. ఆ నాళికలో క్రిములు కలిపిన సీరం నింపి, వెచ్చగా ఉంచి పెరగనిచ్చారు. తరువాత దానిని వంపేసి, క్రిమినాశక మందు నిండా పోసి ఒక రోజంతా ఉంచారు. మందును కూడా వంపేసి శుభ్రమైన సీరం పోశారు. మర్నాటికి ఆ శుభ్రమైన సీరం మొదటి సీరంలాగే కంపు కొట్టసాగింది. ముళ్ళ కొనల్లో దాగిన క్రిములకు మందు తగలనే లేదు. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్ళు అనేది ఇటువంటి వైద్యాన్ని చూసేనేమో.

ఇంకొక సంగతి కూడా తేల్చారు. గాయంలోకి శరీరం పంపే తెల్ల రక్తకణాలు క్రిములను మింగి నాశనం చేస్తాయి. కార్బాలిక్ ఆమ్లం వంటి మందు క్రిములకంటె ముందు ఈ కణాలనే చంపుతోంది. అంటే దొంగను పట్టబోయి కాపలావాణ్ణి కాల్చినట్లయింది. చచ్చిన కండను, గుడ్డముక్కలను శస్త్రచికిత్సతో పూర్తిగా తీసివేసి, గాయాన్ని ఉప్పునీటితో కడిగి, శరీరాన్ని తన పని చేసుకోనివ్వాలని రైట్, ఫ్లెమింగ్ వాదించారు. పెద్ద శస్త్రవైద్యులు కొందరు మండిపడ్డారు. లిస్టర్ శిష్యుడైన సర్ విలియం వాట్సన్ చేన్ రైట్‌తో బహిరంగంగా వాదానికి దిగారు. ఈనాడు ఏ ఆస్పత్రికి వెళ్ళినా కాలి పుండుకు డాక్టరు ముందుగా చేసేది చచ్చిన చర్మాన్ని, కండను కత్తిరించి, సెలైన్‌తో కడగడం. గెలిచినదెవరో వేరే చెప్పనక్కరలేదు.

యుద్ధం చివరి సంవత్సరంలో మరొక పరిశీలన చేశారు. గాయాల్లో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి ఎప్పుడు చేరుతోందని లెక్క తీశారు. ఆస్పత్రిలో చేరిన రోజున చాలామంది గాయాల్లో అది లేదు. కొద్ది రోజులకు ఉంది. అంటే యుద్ధభూమి ఇవ్వని క్రిమిని ఆస్పత్రే ఇస్తోంది. ఒక మంచం నుండి మరొక మంచానికి చేతుల ద్వారా, కట్ల ద్వారా, పనిముట్ల ద్వారా అది నడుస్తోంది. ఈ సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, మళ్ళీ వస్తుంది.

1915లో సెలవు మీద వచ్చినప్పుడు సారా మెక్‌ఎల్‌రాయ్ అనే ఐర్లండు నర్సును వివాహమాడారు. 1924లో కుమారుడు రాబర్ట్ పుట్టాడు. అతడు కూడా వైద్యుడయ్యాడు.

యుద్ధం ముగిశాక ఫ్లెమింగ్ ఒకే ఆలోచనతో లండన్ తిరిగి వచ్చారు: క్రిమిని చంపాలి, శరీర కణాన్ని మాత్రం చంపకూడదు, అటువంటి పదార్థం ఉంటుందా? 1921లో, జలుబుతో ఉండగా తన ముక్కు చీమిడిని పరీక్షించి, అందులో క్రిములను కరిగించే పదార్థం కనుగొన్నారు. దానికి లైసోజైమ్ అని పేరు పెట్టారు. కన్నీటిలో కూడా అది ఉంది. కన్నీటి కోసం ప్రయోగశాలలోని వారి కళ్ళల్లో నిమ్మతొక్క పిండేవారట. కాని ప్రమాదకరమైన క్రిములపై అది పెద్దగా పనిచేయలేదు. ఈ పరిశోధనల్లో ఆయన ఒక పద్ధతి పాటించేవారు. క్రిములు పెరిగే పళ్ళెంలో చిన్న కాలువ తీసి, అందులో పరీక్షించవలసిన పదార్థం నింపి, కాలువ పక్కన ఏ క్రిమి పెరుగుతుందో, ఏది ఆగిపోతుందో చూసేవారు. ఇది కూడా గుర్తుంచుకోదగిన విషయమే.

1928 సెప్టెంబరు మొదటి వారం. సెలవుల నుండి తిరిగి వచ్చి, బల్ల మీద గుట్టగా వదిలి వెళ్ళిన పాత పళ్ళాలు చూస్తున్నారు. ఒక దానిలో స్టాఫిలోకాకస్ క్రిములు పెంచారు. కురుపుల్లో, గాయాల్లో చీము పుట్టించేది ఈ క్రిమే. ఆ పళ్ళెం అంచున బూజు పట్టింది, బూజు దగ్గర ఉన్న క్రిములు కరిగిపోయాయి. మరొకరైతే పారేసి ఉండేవారు. పద్నాలుగేళ్ళుగా అటువంటి దానికోసమే వెదుకుతున్న కన్ను కనుక ఆగింది. బూజు నుండి వచ్చే రసానికి పెన్సిలిన్ అని పేరు పెట్టి, 1929లో వ్యాసం ప్రచురించారు. అది తెల్ల రక్తకణాలకు హాని చేయదని కూడా అందులో వ్రాశారు. బులోన్‌లో కాపలావాణ్ణి చంపే మందులు చూసిన మనిషికి అదే ముఖ్యం మరి.

అయితే ఆ రసం నుండి మందును వేరుచేయడం ఆయన వల్ల కాలేదు. ఇద్దరు సహాయకులు ప్రయత్నించి వదిలేశారు. అది త్వరగా శక్తి కోల్పోయేది. పదేళ్ళు అలాగే గడిచాయి. ఈ పదేళ్ళ విషయంలో ఫ్లెమింగ్‌ను తప్పుపట్టే చరిత్రకారులున్నారు. రసాయనశాస్త్రం తెలిసినవారిని కూర్చుకుని ఉండవలసిందన్న మాటలో న్యాయం లేకపోలేదు. కాని బూజును మాత్రం ఆయన బతికించి ఉంచారు, అడిగిన వారికి పంపారు.

మందు చేసినవారు ఆక్స్‌ఫర్డ్‌లోని ఫ్లోరీ, చెయిన్, హీట్లీ. 1940 మే 25న ఎలుకల మీద వారి ప్రయోగం ఫలించింది. 1941 ఫిబ్రవరిలో మొదటిసారి ఒక రోగికి వైద్యం చేశారు. ఆయన ఒక పోలీసు. ముఖమంతా కురుపులు లేచి, ఒక కన్ను పోయి, చీము ఒళ్ళంతా పాకింది. మందు పడగానే జ్వరం దిగింది, ఆకలి పుట్టింది. ఇంతలో మందు అయిపోయింది. ఆయన మూత్రం నుండి పెన్సిలిన్‌ను తిరిగి తీసి మళ్ళీ ఎక్కించారు. అదీ చాలలేదు. క్రిములు మళ్ళీ లేచాయి, మార్చిలో ఆయన చనిపోయారు. సగంలో ఆగిన వైద్యానికి ఇది మొదటి ఉదాహరణ. ఆ సగం వైద్యం లేమి వలన జరిగింది. ఇప్పుడు మన ఇళ్ళలో జరిగేది లేమి వలన కాదు.

1942లో ఫ్లెమింగ్ కూడా తన ఆస్పత్రిలో, మెదడు పొరల వాపుతో మరణం అంచున ఉన్న ఒక మిత్రునికి ఆక్స్‌ఫర్డ్ నుండి తెప్పించిన పెన్సిలిన్‌తో ప్రాణం పోశారు. పత్రికలకు అప్పటినుండి ఆయన దేవుడయ్యారు. 1944లో సర్ బిరుదు, 1945లో ఫ్లోరీ, చెయిన్‌లతో కలిసి నోబెల్ బహుమతి వచ్చాయి.

ఇక్కడ ఒక కట్టుకథ గురించి చెప్పక తప్పదు. ఫ్లెమింగ్ తండ్రి బురదలో కూరుకుపోతున్న చిన్నారి చర్చిల్‌ను కాపాడారని, కృతజ్ఞతగా చర్చిల్ తండ్రి ఫ్లెమింగ్‌ను చదివించారని, తరువాత పెన్సిలిన్ చర్చిల్‌ను బతికించిందని సెల్‌ఫోన్లలో తెగ తిరుగుతున్నది. మన మిత్రులే నాకు నాలుగైదుసార్లు పంపారు. అది నిజం కాదు. ఫ్లెమింగ్ స్వయంగా కాదన్నారు. చదువు డబ్బు ఎక్కడిదో పైన చెప్పాను. 1943లో చర్చిల్‌కు న్యుమోనియా వచ్చినప్పుడు ఇచ్చినది సల్ఫా మందు.

నోబెల్ బహుమతి అందుకున్నవారు సాధారణంగా తమ విజయాన్ని వర్ణించి కూర్చుంటారు. ఫ్లెమింగ్ 1945 డిసెంబరు 11న స్టాక్‌హోమ్‌లో ఇచ్చిన ఉపన్యాసం చివర హెచ్చరిక చేశారు. ఎవరు పడితే వారు దుకాణంలో పెన్సిలిన్ కొనుక్కునే రోజు రావచ్చునని, తెలియనివాడు చాలీచాలని మోతాదు వేసుకుంటే క్రిములు చావకపోగా ఆ మందుకు అలవాటుపడి మొండికేస్తాయని చెప్పారు. చంపడానికి చాలని మందులో క్రిములను పెంచితే అవి లొంగనివిగా మారడం ప్రయోగశాలలో కష్టం కాదని చెప్పి, ఒక ఊహా కథ కూడా జోడించారు. ఒకాయనకు గొంతు నొప్పి. కొంచెం పెన్సిలిన్ కొని వేసుకుంటాడు. క్రిములు చావవు, మొండి క్రిములవుతాయి. అవి ఆయన భార్యకు అంటుకుంటాయి. ఆమెకు న్యుమోనియా వస్తుంది. పెన్సిలిన్ పనిచేయదు. ఆమె మరణిస్తుంది. ఆ మరణానికి బాధ్యుడెవరని సభను అడిగి, భర్త అజాగ్రత్తేనని తానే జవాబిచ్చారు.

చిత్రమేమిటంటే, ఆ కథలో ఆయన ఎంచుకున్న స్ట్రెప్టోకాకస్, గొంతునొప్పి తెచ్చే రకం, నేటికీ పెన్సిలిన్‌కు లొంగే ఉంది. మొండికేసినది ఆయన పళ్ళెంలో కరిగిపోయిన స్టాఫిలోకాకస్. క్రిమి పేరు తప్పింది గాని మాట తప్పలేదు.

నిజానికి మొండితనానికి కారణం ఆయన హెచ్చరికకు ముందే బయటపడింది. 1940 డిసెంబరులోనే, అంటే మనుషులకు మందు ఇవ్వడానికి ముందే, ఆక్స్‌ఫర్డ్‌లో అబ్రహాం, చెయిన్ అనేవారు పెన్సిలిన్‌ను విరగగొట్టే ఎంజైమును ఒక బాక్టీరియాలో చూశారు. కోట్ల క్రిముల్లో ఎక్కడో ఒకటి రెండింటికి ఆ శక్తి ఉంటుంది. మందు పడగానే మిగిలినవి చస్తాయి, ఇవి మిగులుతాయి. తిండికి పోటీ లేదు, గాయంలో చోటుకు కరువు లేదు. అనువైన చోట ఇరవై ముప్పై నిమిషాలకొకసారి రెండింతలవుతాయి. పైగా ఆ విద్యను తమ పిల్లలకే గాక పక్కనున్న ఇతర జాతుల క్రిములకు కూడా అందించగలవు. ఇదంతా ఎక్కడ జోరుగా జరుగుతుందంటే ఆస్పత్రిలోనే. అక్కడ మందులూ ఎక్కువ, తెరిచిన గాయాలూ ఎక్కువ.

లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రిలో మేరీ బార్బర్ అనే వైద్యురాలు రోగుల నుండి తీసిన స్టాఫిలోకాకస్ క్రిములను లెక్కించారు. పెన్సిలిన్‌కు లొంగనివి 1946లో నూటికి సుమారు 14. మరుసటి సంవత్సరం 38. 1948లో 59. అవన్నీ ఒక్కో రోగి ఒంట్లో కొత్తగా పుట్టినవి కావని, మొదటినుండి ఉన్న కొద్దిపాటి మొండి జాతి ఆస్పత్రిలో మంచం నుండి మంచానికి పాకుతున్నదని ఆమె గుర్తించారు. బులోన్‌లో ఫ్లెమింగ్ చూసిన దారి అదే. బ్రిటన్‌లో 1947లోనే చట్టం చేసి, డాక్టరు చీటీ లేనిదే పెన్సిలిన్ అమ్మరాదన్నారు. అప్పటికి గొంతు బిళ్ళల్లోనూ, పూత మందుల్లోనూ దానిని కలిపి అమ్ముతున్నారు మరి.

తరువాత మందు వెనుక మందు వచ్చింది. ఇందులో మన తెలుగువారి పాత్ర కూడా ఉంది. భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహిస్తుండగా, అక్కడి డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని క్రిమి నుండి ఆరియోమైసిన్ తీశారు. డగ్గర్ రిటైరైన తరువాతనే ఆ ఉద్యోగంలో చేరారని మన సభ్యులకు ప్రత్యేకంగా మనవి. ఆ మందు లోకానికి వెల్లడైన 1948లోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. మన దేశంలో 1954లో పూనా దగ్గర పింప్రీలో ప్రభుత్వరంగంలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ వెలసింది. చిన్నప్పుడు కాలికి మేకు దిగితే కాంపౌండరు గారు వేసిన నాలుగు లక్షల యూనిట్ల పెన్సిలిన్ సూది, దానికి ముందు చేతి మీద వేసే పరీక్ష సూది మనలో చాలామందికి ఇంకా గుర్తే. ఆ మందు ఇప్పుడు ఆస్పత్రి గాయాల్లోని స్టాఫిలోకాకస్ మీద చాలావరకు పనికిరాదు. దానికి బదులుగా 1960లో మెథిసిలిన్ వచ్చింది. మరుసటి సంవత్సరమే దానికి లొంగని జాతి ఇంగ్లండులో కనబడింది. నేడు అదే ఎం.ఆర్.ఎస్.ఎ. పేరుతో ప్రపంచమంతా ఉంది. మన ఆస్పత్రుల చీములో దానితోపాటు సూడోమోనాస్, క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ అనేవి కూడా తరచు కనబడతాయి. వీటిలో కొన్ని జాతులు ఆఖరి అస్త్రాల వంటి మందులకు కూడా లొంగడం లేదు. 2019లో లోకం మొత్తం మీద మొండి క్రిముల వలన నేరుగా సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించారని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల అంచనా.

మన సంఘంలో ఒక మిత్రునికి రెండేళ్ళ క్రితం చెప్పు కరిచి కాలివేలికి పుండు పడింది. చక్కెర వ్యాధి ఉన్నవారు. మందుల షాపులో అడిగి ఒక బిళ్ళ మూడు రోజులు వేసుకున్నారు. నొప్పి తగ్గితే మానేశారు. తిరగబెడితే ఈసారి వేరొక షాపు, వేరొక బిళ్ళ. నెల తిరిగేసరికి ఆస్పత్రిలో చేరవలసి వచ్చింది. చీము పరీక్ష కాగితం నాకు చూపించారు. పదునాలుగు మందుల పేర్లుంటే, పన్నెండింటికి ఎదురుగా లొంగదు అని అర్థం వచ్చే ఆర్ అక్షరం ఉంది. మిగిలిన రెండూ రక్తనాళం ద్వారా ఎక్కించవలసిన ఖరీదైన మందులు. వేలు తీసివేశారు, కాలు దక్కింది.

ఆ కాగితం ఎలా తయారవుతుందో ఎంతమందికి తెలుసు? గాయం నుండి తీసిన చీమును పళ్ళెంలో పెంచి, దానిపై మందులద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు. ఏ బిళ్ళ చుట్టూ క్రిములు పెరగకుండా ఖాళీ వలయం ఏర్పడుతుందో ఆ మందు పనిచేస్తుంది. ఫ్లెమింగ్ పళ్ళెంలో తీసిన కాలువకు ఇది మనవడి వరస. కొన్నిచోట్ల యంత్రాలు వచ్చినా సూత్రం అదే. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. మందు మొదలు పెట్టకముందే చీము తీస్తే పరీక్ష సరిగా వస్తుంది. కాబట్టి మానని పుండుతో ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఈ పరీక్ష చేయిస్తారా అని అడగడంలో మొగమాటం అక్కరలేదు. ఇంటి నుండి ఏవైనా బిళ్ళలు వేసుకుని వెళితే ఆ సంగతి దాచరాదు. పాత చీటీ మీద మందు కొనడం, మనవడికి మిగిలిన సిరప్పు మరొకరికి పోయడం కూడా ఆ ఊహాకథలోని భర్త చేసిన పనే. ఎన్నాళ్ళు వాడాలన్నది డాక్టరు నిర్ణయం. ఇప్పుడు కొన్ని జబ్బులకు తక్కువ రోజులే చాలునని వైద్యులే చెబుతున్నారు. మనంతట మనం మొదలుపెట్టడం, మనంతట మనం మానడం – ఇవి రెండే వద్దనేది. 2014 మార్చి 1 నుండి మన దేశంలో కొన్ని బలమైన యాంటీబయాటిక్స్‌ను హెచ్-1 అనే జాబితాలో చేర్చి, చీటీ చూసి, కొన్నవారి పేరు రిజిస్టరులో వ్రాసి మాత్రమే అమ్మాలని నిబంధన పెట్టారు. షాపువాడు చీటీ అడిగితే కోపగించుకునే పెద్దలను నేను చూశాను. పెద్దరికం చూపవలసిన చోటు అది కాదు.

ఇక ఫ్లెమింగ్ చివరి రోజులు. పెన్సిలిన్‌పై పేటెంటు తీసుకోలేదు, ధనవంతుడు కాలేదు. దేశదేశాల సన్మానాలు మాత్రం అందుకున్నారు. ఎక్కడికి వెళ్ళినా తాను మందును సృష్టించలేదని, ప్రకృతి చేసినదాన్ని తాను చూశానని చెప్పుకునేవారు. 1948లో ప్రొఫెసరు పదవి నుండి విరమించారు. అయినా ప్రయోగశాల వదలలేదు. 1949లో భార్య సారా మరణం ఆయనను కుంగదీసింది. 1953లో తన ప్రయోగశాలలో పనిచేసిన గ్రీకు దేశపు వైద్యురాలు అమాలియాను వివాహం చేసుకున్నారు. 1955 మార్చి 11న లండన్‌లో తమ ఇంట్లో గుండెపోటుతో మరణించారు. అప్పటికి వయసు 73. చితాభస్మాన్ని సెయింట్ పాల్ మహాదేవాలయంలో ఉంచారు. సెయింట్ మేరీస్ ఆస్పత్రిలోని ఆయన చిన్న గదిని 1993లో ప్రదర్శనశాలగా తెరిచారు.

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఎడ్ల పోరాటాల మైదానం ముందు కూడా ఆయన విగ్రహం ఒకటుంది, 1964లో పెట్టారు. కొమ్ము దిగిన గాయం లోతుగా ఉంటుంది, లోపలికంటా మట్టి, పేడ చేరతాయి. పెన్సిలిన్‌కు ముందు ఆ గాయాలు కుళ్ళి ఎందరో పోరాటగాళ్ళు చనిపోయేవారు. ఫ్లెమింగ్ ప్రతిమ ఎదురుగా కంచుతో చేసిన పోరాటగాడొకడు టోపీ తీసి చేత పట్టుకుని నమస్కరిస్తూ నిలబడి ఉంటాడు.